పెదనాన్న నమ్మిన రుచి

మా పెదనాన్నతో వాదించడం కంటే ఆయన గానుగకు మనమే కాడి కట్టుకుని తిరగడం తేలిక. వీధిలో అందరూ ఆయన్ను జిడ్డాయన అనేవారు. ఒంటికి నూనె, మాటకు పట్టు, రెండూ వదిలేవి కావు.

మోటారు బిగించిన ఆ చెక్క గానుగ వంటింటి పక్క గదిలోనే ఉండేది. రోకలి కింద వేరుశనగ గింజలు నలుగుతుంటే ఇల్లంతా కమ్మటి వాసన. ఒకప్పుడు జనం సీసాలు పట్టుకుని గుమ్మం దాకా నిలబడేవారు. వాసనా మడ్డీ లేని ప్యాకెట్ నూనె వచ్చాక, కొన్నవాళ్లు కూడా తిరిగి తెచ్చేవారు. "వాసనొస్తోందండీ, అడుగున మడ్డి కూడా ఉంది. ఇందులో ఏం కలిపారు?" అని ముఖం మీదే అడిగేవారు. ఏమీ కలపనందుకు మనిషిని దొంగను చేస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం నాతో, "ఒక్క ముద్ద తినమనవే. నాలుకే చెప్తుంది," అనేవాడు.

చివరికి మెయిన్ రోడ్డు హోటలాయన ఒక్కడే దిక్కయ్యాడు. ఆయన నూనె తీసుకుంటే గానుగ తిరుగుతుంది, లేదంటే ఆగిపోతుంది. పెదనాన్న ఆయన్ను భోజనానికి పిలిచాడు.

పెద్దమ్మ వేపుడు చేసింది, నేను వడ్డించాను. మొదటి ముద్దకే పెదనాన్న కళ్లు మూసుకున్నాడు. "చూశారా! గానుగ నూనంటే ఇదీ. ప్యాకెట్లో వస్తుందా ఈ రుచి?"

హోటలాయన మారు వడ్డించుకున్నాడు. "నిజమే బాబాయ్, బ్రహ్మాండంగా ఉంది. రేపే రెండు డబ్బాలు పంపించు."

ఆ పూట పెదనాన్న కాళ్లు నేల మీద నిలవలేదు.

డబ్బాలు వెళ్లిన రోజు సాయంత్రమే తిరిగొచ్చాయి. హోటలాయనే స్వయంగా తెచ్చాడు. "నేను తిన్న నూనె ఇది కాదు. జనం ప్లేట్లు వదిలేసి పోయారు. పెద్దమనిషివని నమ్మితే నాకే టోపీ పెడతావా?"

"ఒకటే గానుగ, ఒకటే నూనె!" అన్నాడు పెదనాన్న. వంటింటివైపు తిరిగి, "నువ్వు చెప్పవే, నిన్న దేంతో చేశావు?" అని అరిచాడు.

హోటలాయన వెళ్లిపోయాక గానీ పెద్దమ్మ నోరు విప్పలేదు. "ప్యాకెట్ నూనె. నిన్నొక్కరోజే కాదండీ. పిల్లలు కంచాలు తోసేస్తున్నారని ఎప్పుడో మార్చేశాను. మీరేమో మన నూనే అనుకుని రోజూ మెచ్చుకుంటూ తింటుంటే, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పగలంతా గానుగ దగ్గర కూర్చుని, ఒళ్లే ఆ వాసన అయిపోయినవాడికి కంచంలో ఉన్నదేదో ఎలా తెలుస్తుంది? ఆయన గట్టిగా తిట్టి ఉంటే మాకు కాస్త తేలికయ్యేది.

మర్నాడు పెద్దమ్మ తిరిగొచ్చిన డబ్బా మూత తీసి, అందులోని నూనెతోనే కూర చేసింది. పెదనాన్న ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఇవాళ ఏది?" అని అడిగాడు.

"మనదేనండీ. ఒట్టు."

ఇంకో ముద్ద తిన్నాడు. మళ్లీ నమిలాడు.

"నాకేం తేడా తెలీడం లేదే," అన్నాడు పెద్దమ్మతో. చేయి కడుక్కుని, గానుగ విప్పేవాళ్లను తనే వెళ్లి పిలుచుకొచ్చాడు.