గుడ్ ఫ్రైడే నాటకంలో రబ్బరు ముక్కులు

అమెరికాలో, కాపెల్ అనే ఊళ్ళో మా తెలుగు చర్చికి గుడ్ ఫ్రైడే నాటకం వేయించేది సుమతి. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శని ఆదివారాలు మా మీద పెత్తనం. తను నవ్వడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. చుట్టుపక్కల వాళ్ళం కూడా పడీపడీ నవ్వాల్సిందే.

ఈ ఏడు సుమతి సంబరానికి పట్టపగ్గాల్లేవు. పక్కింటి రూత్, తన ప్రాణస్నేహితురాలు, యూదురాలు, మొదటిసారి మా నాటకానికి వస్తానంది. "ముందు వరసలో కూర్చోబెడతా!" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది.

రిహార్సల్ రోజున రూత్ దేవదూత వేషానికి తను కుట్టిన బట్టలు తెచ్చింది. వేదిక మీద ప్రధాన యాజకుడి వేషంలో ధర్మారావు అంకుల్, ఆయన వెనక గుంపు. వాళ్ళందరికీ నల్ల అంగీలు, రబ్బరు వంకర ముక్కులు. యేసుకీ మరియకీ పేతురుకీ తెల్ల బట్టలు, సొంత ముక్కులు.

"ఈ ముక్కులవాళ్ళెవరు?" అంది రూత్.

"యూదులు!" అంది సుమతి హుషారుగా.

"మరి మరియ?"

సుమతి మరియ ముక్కు వైపు చూసింది, తర్వాత గుంపు ముక్కుల వైపు.

రూత్ కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పింది. "యేసును చంపింది యూదులేనని చర్చిల్లో వందల ఏళ్ళు చెప్పారు. మమ్మల్ని ఇవే ముక్కులతో బొమ్మలు గీశారు. గుడ్ ఫ్రైడే వస్తే మా ముత్తవ్వ వాళ్ళు తలుపులు బిగించుకునేవాళ్ళు. ప్రసంగం విని బయటికొచ్చిన జనం రాళ్ళు వేసేవాళ్ళు. నేను రాలేను సుమతీ."

ఆమె వెళ్ళగానే సుమతి భోరుమంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ముక్కులు తీసేయండి!" అంది.

"ముక్కు లేకుంటే నేను విలనని పబ్లిక్‌కి ఎట్ల తెలుస్తదమ్మా?" అన్నారు ధర్మారావు అంకుల్.

"అయితే అందరికీ పెడదాం అంకుల్! యేసుక్కూడా. అందరూ యూదులేగా!"

పెట్టేసింది! మరియకి, దేవదూతకి, శిష్యులందరికీ. పేతురు తుమ్మితే ముక్కు ఎగిరి రోమన్ గవర్నరు పిలాతు ఒళ్ళో పడింది. సిలువ మీది నుంచి యేసు, "అక్కా, ఊపిరాడట్లేదు," అన్నాడు. నేల మీద దొర్లి నవ్వాం. కడుపులు పట్టుకుని లేచేసరికి అంకుల్ తన ముక్కు పీకి చెత్తబుట్టలో వేస్తున్నారు.

ముక్కులన్నీ తీసేశామని చెప్పడానికి సుమతి చెప్పులైనా వేసుకోకుండా రూత్ ఇంటికి పరిగెత్తింది.

శుక్రవారం రూత్ వచ్చింది, చిన్న మనవరాలిని వెంటబెట్టుకుని. సుమతి గాల్లో తేలిపోయింది. నాటకం సగానికి వచ్చాక తనకి గుర్తొచ్చింది. ముక్కులు తీశాం గానీ మాటలు అలాగే ఉన్నాయి! ఈ రక్తపు పాపం మాకూ మా పిల్లలకూ తగలనీ అని అంకుల్ అరవాలి, గుంపంతా అందుకోవాలి. తెర పక్కన సుమతి తల పట్టుకుంది. అంకుల్ చెయ్యెత్తారు, ముందు వరస వైపు చూశారు, ఏమీ అనకుండా దించేశారు. వెనక గుంపు గుడ్లప్పగించి నిలబడిపోయింది.

నాటకం అయ్యాక సుమతి అడిగింది. "డైలాగ్ మర్చిపోయారా అంకుల్?"

"ఎట్ల మర్చిపోతనమ్మా! ఆ పిల్ల నన్నే చూస్తున్నది. దాని మొహం చూసుకుంట 'మా పిల్లలకూ' అని ఎట్ల అనాలె?"