తోలు సెంటూ, బుల్లయ్య తుమ్మూ

బుల్లయ్య దేన్నీ నోటితో మెచ్చుకోడు. నచ్చితే తుమ్ముతాడు. ఒక తుమ్మంటే పరవాలేదని, రెండంటే బాగుందని, మూడంటే అద్భుతమని అర్థం. గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో నలభై ఏళ్లు మచ్చు చూసిన మనిషి ఆయన. బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి ఓ కాయ లాగి, ఫట్‌మని విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ వరసలో ఉన్న రైతులంతా మాటలాపి లెక్కపెట్టడానికి సిద్ధంగా ఉండేవాళ్లు.

పని మానేశాక చేతికి బస్తాలు లేవు గనుక ఆయన ప్రపంచం మీద పడ్డాడు. చెల్లెలు కోటిరత్నం పెట్టిన పండుమిరప పచ్చడికి రెండు తుమ్ములు. పక్కింటివాళ్ల కొత్త ట్రాక్టరుకు, సీటు వాసన చూసి, ఒకటి. ఎవరిదో శుభలేఖ ముక్కు దగ్గర పెట్టుకుని మూడుసార్లు తుమ్మితే, పెళ్లివారు ఆయన్ని నిలబెట్టి మళ్లీ తుమ్మించుకుని, ఫోనులో వీడియో తీసి బంధువులందరికీ పంపుకున్నారు.

మనుషుల్ని కూడా ఆయన మిరప రకాల లెక్కలోనే చూస్తాడు. రంగుండి కారం లేనివాడు బ్యాడిగి. కోపిష్టివాడు తేజ. ఇక తెల్లబడిపోయి, ఏరి పక్కన పోసే కాయను తాలుకాయ అంటారు. ఆ పేరు మేనల్లుడు శివరామకృష్ణకు చిన్నప్పుడే ఖాయమైంది. ముప్పై నాలుగేళ్లొచ్చి, పన్నెండు సంబంధాలు తప్పిపోయాక, ఆ బిరుదును కాదనే ధైర్యం శివరామకృష్ణకు కూడా లేకపోయింది.

సత్తెనపల్లి పక్క పల్లెలో అతనికి ఎనిమిదెకరాల మిరప తోట ఉంది. హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి మరీ వ్యవసాయం చేస్తున్నానని పెళ్లిచూపుల్లో గొప్పగా చెప్పేవాడు. ఆ మాట వినగానే అవతలివాళ్లు కాఫీ గ్లాసులు తీసేయడం మొదలుపెట్టేవారు. పన్నెండో అమ్మాయి మాత్రం మర్యాదగా ఫోన్ చేసి కారణం చెప్పింది. "మీరు మంచివారేనండి. కానీ మీ దగ్గర మిరపకాయల వాసనొస్తోంది."

అక్కడే అతని తెలివితేటలు పనిచేశాయి. సెంటు కొందామనుకుని, మూడు రోజులు ఫోను పట్టుకుని జనం రాసిన అభిప్రాయాలన్నీ చదివాడు. మగవాళ్ల కోసం చేసిన ఒక సెంటు గురించి రెండు వందల పైచిలుకు మంది రాశారు. ఘాటు, తీపి, తోలు కలిసిన వాసనట. ఒకాయన అది పూసుకుంటే తాను గుర్రం దిగి వచ్చిన రాజులా ఉన్నానన్నాడు. ఇంకొకాయన తన భార్య వేరే గదిలో పడుకుంటోందన్నాడు. మరొకాయన అది పూసుకుని లిఫ్టు ఎక్కితే ఇద్దరు ఆడవాళ్లు దాని పేరడిగారని రాశాడు. తన ఊళ్లో లిఫ్టు లేదన్న సంగతి పట్టించుకోకుండా, శివరామకృష్ణ ఆ మూడో ఆయన్ని నమ్మి ఆర్డరు పెట్టాడు.

సీసా శుక్రవారం వచ్చింది. వేటపాలెంలో పదమూడో పెళ్లిచూపులు ఆదివారం.

"చెప్పుల కొట్లో కూర్చుని ఎవరో అరిసెల పాకం పట్టినట్టుందిరా," అంది తల్లి కోటిరత్నం.

"కొత్త కారు సీటు మీద కిళ్లీ ఊసినట్టుంది," అన్నాడు స్నేహితుడు వీరబాబు. ఆదివారం కారు నడపాల్సింది అతనే.

గేదె ఏమీ అనలేదు గానీ, ఆ పూట పాలు చేపలేదు.

శివరామకృష్ణ చలించలేదు. రాజుగారి వాసన గేదెకేం తెలుస్తుందనుకున్నాడు. అసలు తీర్పు మావయ్యది. ఆదివారం పొద్దున గుంటూరు నుంచి బుల్లయ్య దిగగానే, కాళ్లు కడుక్కోనివ్వకుండా సీసా మూత ఆయన ముక్కు దగ్గర పెట్టాడు.

బుల్లయ్య కళ్లు మూసుకున్నాడు. "ముందు తేజ కాయ విరిచిన ఘాటు. దాని వెనకాల బెల్లం పాకం, ముదరకముందే దించింది. ఆ రెండూ పోయాక అడుగున కొత్త చెప్పులు."

అట్టపెట్టె మీద ఇంగ్లీషులో అదే వరసలో అదే రాసుంది. శివరామకృష్ణకు ఒళ్లు పులకరించింది. ఇక తుమ్ము కోసం నిలబడ్డాడు. ఎంతసేపటికీ రాలేదు.

"మావయ్యా, తుమ్ము?"

"రాలా."

"ఒక్కటి కూడానా?"

"వస్తే దాచుకుంటానా? మిరపకాయల వాసన పోగొట్టుకోడానికి పోయి పోయి మిరపకాయల వాసనే కొనుక్కొచ్చావు. పద, టైమైంది."

గదిలోకి వెళ్లి శివరామకృష్ణ సీసా చేతపట్టాడు. మూడుసార్లు కొట్టుకుంటే చాలని అభిప్రాయాలు రాసినవాళ్లందరూ ఏకగ్రీవంగా చెప్పారు. కానీ పురుగుమందు డబ్బా మీద రాసిన మోతాదుతో ఆ చుట్టుపక్కల ఏ రైతూ తృప్తిపడిన పాపాన పోలేదు. మూడంటే అయిదు. ఎండ ముదిరింది కాబట్టి ఏడు. దూరప్రయాణం కాబట్టి పది. ఆకు అడుగు కూడా తడవాలి గనుక కాలరెత్తి లోపల ఇంకో రెండు. ఫ్యాను గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ కొట్టుకున్నాడు.

కారులో ఏసీ వేయడానికి వీరబాబు ఒప్పుకోలేదు. కోటిరత్నం పర్చూరు దాకా తల బయటే పెట్టింది. బుల్లయ్య మాత్రం మేనల్లుడి పక్కనే నిమ్మళంగా కూర్చున్నాడు. చిలకలూరిపేటలో ఒకసారి, చీరాల ముందు ఒకసారి "ఇప్పుడైనా?" అని అడిగాడు శివరామకృష్ణ. "రాలేదురా," అన్నాడాయన.

వేటపాలెంలో వాళ్లది జీడిపప్పు ఒలిచే చిన్న కార్ఖానా. భవ్య అక్కడే పప్పు గ్రేడింగు చూసుకుంటుంది. ఇంట్లో ఆఖరి మాట నాయనమ్మ పున్నమ్మది. ఆవిడకు శకునాల పట్టింపు ఎక్కువ. పిల్లి ఎదురైందని ఒక సంబంధం, ఒంటి తుమ్ము వినబడిందని ఇంకొకటి ఆవిడే వెనక్కి పంపేసింది.

ఫలహారాలయ్యాక అబ్బాయినీ అమ్మాయినీ మాట్లాడుకొమ్మని వరండాలోకి పంపారు. భవ్య గాలి వచ్చే వైపు చూసుకుని కూర్చుంది.

"ఒకటడుగుతాను, ఏమనుకోరుగా. ఎన్నిసార్లు కొట్టారండి?"

"పన్నెండు."

"ఎన్ని కొట్టమన్నారు?"

"మూడు."

ఆమె నవ్వింది. "మా నాన్న కూడా జీడితోటకి మందు కొట్టడంలో ఇంతేనండి. మూత నిండా అంటే సీసా సగం."

శివరామకృష్ణకు దాచాలనిపించలేదు. పన్నెండో అమ్మాయి చేసిన ఫోను సంగతి చెప్పేశాడు. భవ్య నవ్వు ఆపింది.

"నేను రోజంతా జీడిగింజలు కాల్చే పొగలో ఉంటాను. నా దగ్గర ఆ వాసన వస్తోందని మీరేం అనలేదే?"

"ఈ సెంటు ముందు నాకింకేమీ తెలియడం లేదండి."

ఆమె మళ్లీ నవ్వింది. పన్నెండు పెళ్లిచూపుల్లో శివరామకృష్ణ ఎవరినీ నవ్వించలేదు. ఈ ఒక్క సంబంధం కుదిరితే చాలని అతనికి మొదటిసారి గట్టిగా అనిపించింది.

లోపల పెద్దలు కూర్చున్నారు. భవ్య తండ్రి గొంతు సవరించుకుని, "అమ్మాయికి ఇష్టమేనంటండీ. మరి అమ్మ ఒక్కమాట అంటే..." అని తల్లి వైపు చూశాడు. పున్నమ్మ నవ్వుతూ ముందుకు వంగింది. ఆవిడ వంగిన వైపే శివరామకృష్ణ ఉన్నాడు. "అలాగే" అనడానికి నోరు తెరిచిన పున్నమ్మ తుమ్మింది.

ఒక్కటే తుమ్ము. ఇల్లంతా రెండోదాని కోసం కాసుకు కూర్చుంది. పున్నమ్మ కూడా పైట చెంగు ముక్కు దగ్గర పెట్టుకుని నిజాయితీగా ప్రయత్నించింది. రాలేదు. భవ్య తండ్రి నేలచూపులు చూశాడు. భవ్య ముఖంలో నవ్వు మాయమైంది.

"రాసిపెట్టి లేదు నాయనా. నా నోటి మాట మీదే తుమ్ము పడింది," అంటూ పున్నమ్మ లేవబోయింది.

ఈసారి రైతునని కాదు, ఉద్యోగం లేదని కాదు. సంబంధాన్ని తన చేతులతో, గాలివాటం చూసుకుని మరీ చెడగొట్టుకున్నాడు శివరామకృష్ణ. పన్నెండు సంబంధాలకు పన్నెండు స్ప్రేలు సరిపోయాయనుకున్నాడు. ఆ చొక్కా అక్కడే విప్పేసి పారిపోవాలనిపించింది.

అప్పుడు బుల్లయ్య కళ్లు మూసుకున్నాడు. మెల్లిగా తలెత్తాడు. పాకలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు కూడా తొంగిచూసేలా ఒక్క తుమ్ము తుమ్మాడు.

"జంట పడింది అక్కయ్యగారూ," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

పున్నమ్మ ఆలోచనలో పడింది. "అది మీది కదా. నాది ఒంటిదే."

"తుమ్ముకి ఇంటిపేరుంటుందా అక్కయ్యగారూ? మీ వైపు నుంచి ఒకటి, మా వైపు నుంచి ఒకటి. సంబంధం కలవడమంటే అదేగా."

పున్నమ్మ రెండు క్షణాలు లెక్కచూసుకుంది. ఒకటీ ఒకటీ రెండేనని ఆవిడకూ తోచినట్టుంది. మళ్లీ కూర్చుని, "అయితే అలాగే కానీండి," అంది. ఈసారి కాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో పర్చూరు దగ్గర టీకి ఆగారు. కోటిరత్నం అప్పుడే ఫోనులో చుట్టాలకు కబురు చెబుతోంది. శివరామకృష్ణ మావయ్య పక్కన బల్లమీద చేరాడు.

"ఆఖరికి నా సెంటుకి తుమ్మావు మావయ్యా."

"నీ సెంటుకా? నాకు తుమ్మన్నది రాక పద్దెనిమిదేళ్లయిందిరా. అంత కారంలో పడి బతికాక ముక్కులో తుమ్మేం మిగులుద్ది?"

శివరామకృష్ణ నోరు వెళ్లబెట్టాడు. "మరి యార్డులో అన్ని తుమ్ములు?"

"నేను తెచ్చుకున్నయ్యే. కౌలుకి చేసినోడు వానకి తడిసిన కాయ తెచ్చుకుని బిక్కమొహం వేసుకుని నిలబడేవాడు. నా తుమ్ముకి రూపాయి పెరగదు, కొనేవోళ్ల లెక్క కొనేవోళ్లది. కానీ వాడు ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పుకోడానికి ఏదో ఒక మాట ఉండాలిగా. ఓ రెండు తుమ్మితే నా సొమ్మేం పోయింది?"

"ఇందాక ఇంటి దగ్గర ఆ ఒక్కటీ తుమ్మితే ఏం పోయేది?"

"పెళ్లిచూపులకి బయల్దేరుతూ తుమ్మమంటావా? బుద్ధుందా?"

శివరామకృష్ణ టీ తాగడం మరిచిపోయాడు. ఉద్యోగం వదిలి వచ్చిన ఏడు తన మొదటి పంట యార్డుకు తీసుకెళ్లిన రోజు గుర్తొచ్చింది. తెగులు తగిలి సగం కాయ మచ్చలు పడింది. మళ్లీ హైదరాబాదు వెళ్లిపోదామని సంచి కూడా సర్దుకున్నాడు. ఆ రోజు ఆ కాయ విరిచి బుల్లయ్య నాలుగుసార్లు తుమ్మాడు. యార్డులో అంతకుముందు నాలుగు ఎవరూ వినలేదు. ఇంటికొచ్చి సంచి విప్పేశాడు శివరామకృష్ణ. తొమ్మిదేళ్లుగా ఆ నాలుగు తుమ్ముల మీదే వ్యవసాయం చేస్తున్నాడు.

"మావయ్యా, మరి నా మొదటి పంటకి నాలుగు తుమ్మావు కదా. అవి కూడా..."

బుల్లయ్య గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆగాడు. మేనల్లుడి ముఖం చూశాడు.

"అయ్యి మాత్రం నిజం తుమ్ములేరా," అన్నాడు. "నాలుగూ."

శివరామకృష్ణ మనసులో పద్దెనిమిదిలోంచి తొమ్మిది తీసేశాడు. ఎన్నిసార్లు తీసినా, ఆ పంటకి ముందే తుమ్ము రాని ఏళ్లు తొమ్మిది మిగిలాయి. తీసివేత అక్కడికి ఆపి, మావయ్యకు ఇంకో టీ చెప్పాడు.