మొహం మీద ఏడో నంబరు

ఎడిటర్ గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే ఫోనొచ్చింది. "అలాగేనండి" అని పెట్టేశాను. పెట్టేశాక అనుకున్నాను, ఏది అలాగే అని. మళ్లీ ఫోన్ చేసి సరిదిద్దుకునే మాట కాదు కాబట్టి ప్రొజెక్టర్‌కి నూనె వెయ్యడం మొదలుపెట్టాను. అది ఆదివారాలు వేసే నూనె. మంగళవారం కూడా తాగింది, ఏమీ అనలేదు.

సమాధుల తోటలో పాస్టర్ గారు వాక్యం చదువుతుంటే అందరూ ఏడ్చారు. నాకు రాలేదు. మట్టి వేశాను, చేతులు కడుక్కున్నాను, బస్సెక్కాను. ఎక్కడికని కండక్టర్ అడిగితే గవర్నర్‌పేట అన్నాను. రోజూ ఇచ్చే టిక్కెట్టే ఇచ్చాడు.

మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. ఆయన పని మాత్రం చూసే ఉంటారు. సినిమాహాల్లో అసలు బొమ్మకి ముందు చీరల కొట్టు, ఎరువుల బస్తా, పళ్లపొడి వస్తాయి చూడండి, మీరు బయట సోడా తాగుతుండగా. వాటిని కోసి అతికించింది ఆయనే. మద్రాసులో చాలాకాలం అసిస్టెంటుగా చేసి, బెజవాడ వచ్చేసి గవర్నర్‌పేటలో మేడమీద రెండు గదులు తీసుకున్నారు. ఒక గదిలో ఆయన ఫిల్ము కోసేవారు. రెండోదాంట్లో నేను ప్రొజెక్టర్ ఆడించేవాణ్ణి. మా ఊరి బళ్లో నేను చదివిన చదువుకి అంతకంటే వెలుతురున్న గది దొరకలేదు.

ఇంట్లోవాళ్లు ఆయన్ని సినిమాకి తీసుకెళ్లేవాళ్లు కాదు. తెరమీద బొమ్మ మారినప్పుడల్లా "కోత... కోత" అని గొణిగేవారట. వాళ్లావిడ పక్కింటావిడతో వెళ్లొచ్చి, కథ మాత్రం ఈయనకి చెప్పేది.

ఇక నంబర్ల సంగతి. ప్రకటన పూర్తి కాకముందే డబ్బు పెట్టినవాళ్లు వచ్చి చూసి, ఏం తీసెయ్యాలో చెప్పాలి. ఒకసారి బట్టల షావుకారు ఒకాయన చూసి, "ఆ ఎర్రచీర దగ్గర కొంచెం తగ్గించండి" అన్నారు. అది నలుపు తెలుపు ఫిల్ము. ఎర్రచీర ఆయనకి తప్ప ఇంకెవరికీ కనపడలేదు. ఎడిటర్ గారు మూడు చీరలు తగ్గించారు. అందులో ఎర్రది లేదట.

ఆ మర్నాటినుంచే మొదలుపెట్టారు. చూపించే ప్రింటులో ప్రతి ముక్కకీ ఒక నంబరు. ముక్క మొదట్లో కొంత దూరం, ఒక్కో బొమ్మ మీదా సన్నటి కలంతో సిరాతో, కింద కుడిచేతి మూల రాసేవారు. తెరమీద ఆ అంకె కాసేపు వణుకుతూ నిలబడేది. "నాతో ‘అక్కడ’ అనకండి. ఏ నంబరు దగ్గరో చెప్పండి" అనేవారు వచ్చినవాళ్లతో. వాళ్లూ అలవాటుపడ్డారు. "నాలుగు బావుంది, అయిదు మా తమ్ముడికి నచ్చలేదు" అనేవారు.

ఒక పెళ్లిచీరల ప్రకటన కోసం దివిసీమవైపు ఒక పల్లెలో నేతగాణ్ణి తీశారు. గుంటమగ్గం కదా, మనిషి నేలలోకి దిగి కూర్చుంటాడు. కెమెరాలో కూడా కిందే పడ్డాడు, కుడిచేతి మూల. ఎడిటర్ గారి చెయ్యి అలవాటు ప్రకారం ఆ మూలకే వెళ్లింది. ముక్క పొట్టిది. మొదట్నుంచి చివరిదాకా నేతగాడి మొహం మీద ఏడో నంబరు కూర్చుంది. షావుకారు చూసే రోజుకి నేతగాడు కామెర్లతో పోయాడు.

"ఏడు తీసెయ్యండి. పోయినాయన నేసిన చీరంటే పెళ్లివాళ్లు కొంటారా?" అన్నారు షావుకారు. తీసేశారు.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం నేతగాడి భార్య మెట్లెక్కి వచ్చింది.

"మా ఆయన ఫోటో ఒక్కటీ లేదు బాబుగారూ. మీ బొమ్మలో ఉన్నాడంట గదా. ఒక్కసారి చూపిత్తారా?"

ఆ ముక్క వెతికి ఆడించాను. ఆవిడ ముందుకి వంగి చూసింది.

"అంకె కనపడతంది గానీ ఆయన కనపట్టంలేదండీ."

ఎడిటర్ గారు తెరవైపు చూడలేదు. "కొత్త ప్రింటు తెప్పిద్దామా?" అన్నాను మెల్లిగా.

"షావుకారు ఒప్పుకోకుండా మద్రాసులో ఎవరు వేస్తారయ్యా? ఆయన ఆ మొహమే వద్దన్నాడు" అన్నారు. "ఎల్లుండి రామ్మా."

ఫిల్ముకి నున్నటివైపు సిరా నిలవదని ఆయన బొమ్మ ఉన్నవైపే రాసేవారు. గట్టిగా రుద్దితే అంకెతోపాటు మొహం కూడా పోతుంది. ఆ రెండు రోజులూ భూతద్దం కింద, పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఒక్కో బొమ్మనీ తుడిచారు. పళ్లపొడివాళ్లు వస్తే రేపు రమ్మన్నారు. "నేనూ ఒక చెయ్యి వెయ్యనా?" అంటే, "నీది నూనె చెయ్యి. పోయి టీ చెప్పు" అన్నారు. కొన్ని బొమ్మలు చెడిపోయాయి, కోసేశారు. మిగతావాటిలో మొహం నిలిచింది. బుగ్గ మీద కాస్త మసక ఉండిపోయింది.

తర్వాత వాటిలో ఒకటి స్టూడియోకి తీసుకెళ్లి ఆవిడకి ఫోటో వేయించి ఇచ్చారు. పటం కట్టించుకుంది. అది నేను చూడలేదు. నేను చూసింది దానికి ముందు, ఆవిడ మళ్లీ వచ్చిన మధ్యాహ్నం.

ఫోటోకి ఏ బొమ్మ కావాలో ఆవిడే చెప్పాలి కదా. ఒక్కసారి ఆడిస్తే ఆ ముక్క కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. అందుకని ఎడిటర్ గారు దాని రెండు కొసలూ కలిపి అతికించి గొలుసులా చేసిచ్చారు. నేను ప్రొజెక్టర్‌కి ఎక్కించాను.

"ఎక్కడ బాగున్నాడో అక్కడ ఆపమను తల్లీ. ఫిల్ము కాలకుండా మావాడు దీపం ఆర్పి ఆపేస్తాడు" అన్నారు.

తెరమీద మగ్గంలో నాడె దారం లాక్కుంటూ ఎడమకి వెళ్లింది, కుడికి వచ్చింది. నేతగాడు తల ఎత్తాడు.

"ఇక్కడ నన్నే చూత్తన్నాడండీ" అంది ఆవిడ. "మంచినీళ్లు తెచ్చి కెమెరా పక్కన నిలబడ్డాను."

"ఇక్కడ ఆపించనామ్మా?"

ఆవిడ మళ్లీ ముందుకి వంగి చూస్తోంది. నా చెయ్యి స్విచ్చి మీదే ఉంది. ఎడిటర్ గారు బల్ల చివర కూర్చున్నారు, మళ్లీ అడగలేదు. నాడె ఎడమకి వెళ్లింది, కుడికి వచ్చింది. నేతగాడు తల ఎత్తి ఆవిడ వంక చూశాడు. మళ్లీ నేతలోకి వంగాడు. మళ్లీ తల ఎత్తాడు.