ఇరవై దాటని కారు

ఉదయం 6:40కి కోరుట్ల దగ్గరి ఆ ఊళ్లో దిగాం. వరద సాయానికి పంపిన ఆర్మీ జవాన్లం ఎనిమిది మందిమి, ఒక పడవ, ఒక రేడియో. వాన ఆగలేదు. కోరుట్ల వైపు కల్వర్టు తెగింది. అటు ఎవరినీ పోనివ్వొద్దు, పోస్టు వదలొద్దు, అదీ ఆర్డర్. ట్రక్కు మమ్మల్ని దించి సిరిసిల్ల వైపు వెళ్లిపోయింది. నేను వెహికల్ మెకానిక్‌ని, హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి. బాగు చేయడానికి బండి లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. చిరాకు.

10:15కి మా పోస్టు ఎదురింటి ఆవిడ తడుస్తూ వచ్చింది.

"తమ్మీ, మా మరిదిని పాము కరిచింది. కారు నడుస్తలేదు. జల్ది రా."

పొలంలో మోటారు స్టార్టర్ విప్పబోయి కాటు తిన్నాడట. కాలు కదలకుండా కర్రకు కట్టి అరుగు మీద పడుకోబెట్టారు. రెప్పలు వాలిపోతున్నాయి. జగిత్యాల ఆసుపత్రి ఇరవై ఆరు కిలోమీటర్లు. మా రేడియో ఆపరేటర్ మూడుసార్లు అంబులెన్సు అడిగాడు. అటు నుంచి ప్రతిసారీ ఒకటే జవాబు.

"అంబులెన్సులన్నీ బయట ఉన్నాయి. ఆగండి."

వాళ్లది డీజిల్ కారు, కొత్తదానిలా మెరుస్తోంది. స్టార్ట్ అవుతుంది, నల్లగా దగ్గి ఆగిపోతుంది. లోపం ఎక్కడుందో చెప్పే స్కానర్ నా కిట్‌లో ఉంది, కారుకు పెట్టి ఫోన్‌కి కలిపాను. ఈజీఆర్ వాల్వ్. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే తలుపు అది. తెరుచుకుని ఇరుక్కుంది. ఇంజిన్ తన పొగ తానే మింగుతోంది.

"ఎంత దూరం నడిపారు దీన్ని?"

"రోడ్డెక్కియ్యలే. మా ఆయన దుబాయిల ఉంటడు. నేనచ్చేదాక గీతలు పడొద్దు, పొద్దుగాల పది నిమిషాలు స్టార్ట్ జేసి పెట్టు అన్నడు. ఏడాది సంది ఒక్క రోజు తప్పలే. ఆయన వీడియో కాల్ల సప్పుడు ఇంటడు."

"నిలబెట్టి తిప్పితే మసి పేరుకోదా? ఆ మాత్రం తెలీదా?" అని అరిచాను.

"నాకెట్ల ఎర్కుంటది తమ్మీ."

"నోరు తర్వాత. ముందు స్పానర్ పట్టు, బండ్ల డాక్టర్ సాబ్," అన్నాడు మా హవల్దార్.

10:50కి వాల్వ్ విప్పాను. లోపల తారులా మసి. ఆమె టూత్‌బ్రష్ తెచ్చింది. డీజిల్ పోసి గీకాను. వాల్వ్ కదిలింది కానీ మూసుకోలేదు. లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగింది. నూనె డబ్బా రేకు కత్తిరించి పొగ వచ్చే దారికి అడ్డం బిగించాను. 11:35కి ఇంజిన్ నిలిచింది. కారులోని కంప్యూటర్ ఒప్పుకోలేదు, వాల్వ్ పనిచేయట్లేదని ఎర్రర్ చూపి ఇంజిన్ బలం తగ్గించేసింది. ఎంత తొక్కినా వేగం ఇరవై దాటదు. ఫోన్‌లో ఆ ఎర్రర్ చెరిపేశాను. మళ్లీ వచ్చింది. ఐదుసార్లు చెరిపాను.

"పోతదా?"

"పోతది అక్కా. మెల్లగ. నడపొస్తదా నీకు?"

"మా మరిదే వాకిట్ల నేర్పిండు."

నేనూ వెళ్తానన్నాను. హవల్దార్ తల అడ్డంగా ఊపాడు. "ఆర్డర్ తెలుసు కదా."

వెనక సీట్లో అతన్ని పడుకోబెట్టాం. అప్పటికి పిలిస్తే పలకడం లేదు. ఆమె స్టీరింగ్ పట్టుకుని జగిత్యాల వైపు బయల్దేరింది.

మూడో రోజు మమ్మల్ని సిరిసిల్లకు పంపారు, అక్కడి నుంచి యూనిట్‌కి. ఇప్పుడు సర్వీసు అయిపోయి ఇంట్లోనే ఉన్నాను. ఆమె పేరు అడగలేదు. నంబరూ తీసుకోలేదు. మరిది ఏమయ్యాడో తెలియదు.

ఊరు దాటాక చెరువుకట్ట మీద రోడ్డు తిన్నగా ఉంటుంది. మంచి కారైతే నిమిషంలో మలుపు తిరిగిపోతుంది. ఆ రోజు వానలో ఆమె కారు రెండు ఎర్ర లైట్లు ఎంతసేపు చూసినా ఇంకా కట్ట మీదే ఉన్నాయి.