అనిసెతో గొట్టం, హెర్మిందా బొంత

హెర్మిందా ఇంటికొస్తే కుర్చీ వెయ్యొచ్చు, మతే ఆకు టీ కాచి ఇవ్వొచ్చు, వీపు మాత్రం తిప్పకూడదు. తిప్పారా, ఏదో ఒకటి మాయం. పోయిన వస్తువు మళ్ళీ కనబడేది ఆవిడ బొంత మీదే, ఏదో అడవి జంతువు ఒంటి మీద.

అర్జెంటీనాలోని మిసియోనెస్ అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో బొంతలు కుట్టే ఆడవాళ్ళ సంఘానికి గ్రసియేలా పెద్ద. మిగతావాళ్ళు బుద్ధిగా గుడ్డముక్కలు అతుకుతారు. హెర్మిందా బొంతకు రంగులు పూస్తుంది, ఇనుప జాలీ కుడుతుంది, ప్లాస్టిక్ సంచులు ఇస్త్రీపెట్టెతో కరిగించి ఆకులు చేస్తుంది.

"ఇది బొంతా, పాత సామాన్ల కొట్టా?" అని గ్రసియేలా నెత్తి కొట్టుకునేది.

"అడవిలో అన్నీ ఉంటాయి కొమాద్రే. ఒట్టి గుడ్డలే ఉంటే అది బట్టల కొట్టు." గ్రసియేలా కూతురికి జ్ఞానస్నాన తల్లి హెర్మిందాయే, అందుకే ఆ పిలుపు.

ఓ రోజు పాటలు పాడే ఎలెయుతెరియో పరుగెత్తుకొచ్చాడు. "నా గిటార్ తీగలేవమ్మా?"

"జాగ్వార్‌కి మీసాలొచ్చాయి నాయనా. ప్రదర్శన రోజు వచ్చి చూసుకో."

"ఇప్పుడే ఇచ్చెయ్!"

"పీకితే కరుస్తుంది."

మంగలి బ్రష్షు నక్క తోకలో చేరింది. మేష్టారి కోటు గుండీలు జాగ్వార్ మచ్చలయ్యాయి. దర్జీ టేపు పామైపోయింది. గ్రసియేలా ఇంట్లో మాత్రం సూది కూడా పోలేదు. ఆవిడకది లోలోపల చిన్నతనంగా ఉండేది. ఓసారి బల్లమీద ముత్యాల బ్రోచ్ పెట్టి, కావాలనే అటు తిరిగి కూనిరాగం తీసింది. ఇటు తిరిగేసరికి హెర్మిందా దాని దుమ్ము తుడుస్తోంది! మా ఇంట్లో పందికొక్కుకైనా పనికొచ్చే వస్తువే లేదా అని గ్రసియేలాకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

దానికి తోడు సంఘం కూర్చునే హాలు గొడవ. కిందటేడు బొంతల ప్రదర్శనకి వచ్చింది ఒక్క కుక్క, అదీ వానకి. ఈసారీ జనం రాకపోతే తాళం ఇచ్చెయ్యండి, బిలియర్డ్స్ బల్లలు వేయిస్తానన్నాడు పురపాలక పెద్ద దోన్ అనిసెతో. కుట్టుకోవడానికి వాళ్ళకి వేరే చోటు లేదు.

ప్రదర్శన ముందురోజు అనిసెతో మతే పీల్చే వెండి గొట్టం పోయింది. ఆ ఊళ్ళో మనిషి చెప్పుల్లేకుండానైనా తిరుగుతాడు గానీ గొట్టం లేకుండా ఉండలేడు. పైగా నలుగురూ ఒకే బుర్రలో పంచుకు తాగే మతేని, భార్య పోయినప్పటినుంచీ ఆయన గది తలుపేసుకుని ఒక్కడే తాగేవాడు.

తెల్లారేసరికి హాలు కిటకిటలాడింది. ఎవరి వస్తువు కోసం వాళ్ళు.

"ఆ మీసాలు నావే!" అన్నాడు ఎలెయుతెరియో.

"మీసాలేం గొప్ప, మచ్చలన్నీ నావి!" అన్నాడు మేష్టారు.

కాసేపటికి ఎవరూ తమ వస్తువు వెనక్కి అడగడం మానేశారు. చుట్టాలను పిలుచుకొచ్చి మరీ చూపించుకున్నారు.

అనిసెతో రొప్పుతూ వచ్చాడు. చీమలు తినే పొడుగుముక్కు జంతువుకి ముక్కు తన గొట్టమే.

"కత్తిరించు!"

"కత్తిరిస్తే అది చీమలెలా తింటుంది, పాపం? కొసలు రెండూ వదిలే కుట్టాను. తాగి చూడండి దోన్ అనిసెతో." హెర్మిందా మతే పోసిన సొరకాయ బుర్రని జంతువు ముక్కుకి అందించింది. గొట్టం రెండో కొస దాని చెవి వెనకాల ఉంది.

అనిసెతో అటూ ఇటూ చూశాడు. జంతువు మెడకి చెంప ఆనించి పీల్చాడు. హాలంతా గురగుర వినబడింది.

"నీళ్ళు చల్లారాయి. మళ్ళీ కాచండి," అన్నాడు.

గ్రసియేలాకి అప్పుడు వెలిగింది. "ఊరంతా దోచుకొచ్చింది ఇందుకటే! మరి మా ఇంట్లో ఏం తీయలేదేం?"

"నువ్వు ఎలాగూ వస్తావుగా కొమాద్రే!"

గ్రసియేలాకి ప్రాణం లేచొచ్చింది.

అక్కడ మతే చాలనుకున్నవాడు థాంక్స్ చెప్పి బుర్ర తిరిగిస్తాడు, ఆ మాట అనేదాకా పోస్తూనే ఉంటారు. అనిసెతో రోజూ సాయంత్రం హాలుకి వచ్చి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని, జంతువు చెవి దగ్గర పీల్చి, ఊరి కబుర్లన్నీ విని వెళ్తాడు. థాంక్స్ మాత్రం ఇంకా చెప్పలేదు.