చలికి సన్మానం శాలువా

అక్టోబరులో మాదాపూర్ ఆఫీసుకు బట్టలు వేసుకోవడం అంత తేలికైన పని కాదు. వాన వెళ్లిపోయానంటుంది కానీ గొడుగు ఇంట్లో పెట్టనివ్వదు. పొద్దున మదీనాగూడలో బస్సు కోసం నిలబడితే సన్నగా చలి. పదకొండయ్యేసరికి మాడు పగిలే ఎండ. ఆఫీసులో అడుగుపెడితే ఏకంగా పుష్యమాసం. నా కుర్చీకి సరిగ్గా పైనే ఏసీ గాలి వచ్చే జాలీ ఉంది. కాస్త తగ్గించమని అడిగితే, అంతస్తు మొత్తానికి ఒకటే మీట అని చెప్పి పంపించేవారు. అందుకని ఎండకు పల్చటి నూలు చుడీదారు, చలికి సాక్సులు, వానకు గొడుగు, అన్నీ ఒకే రోజున ఒకే మనిషి మోయాలి.

కొత్తలో ఒక స్వెట్టర్ కొన్నాను. సంచిలో పెడితే అన్నం డబ్బాకు చోటుండదు. వేసుకుని బయల్దేరితే బస్సులో పక్కవాళ్లు నాకేదో అంటురోగం ఉన్నట్టు జరిగి కూర్చునేవారు. మా ఆయన రోజూ గుమ్మం దగ్గర నిలబడి, "హిమాలయాలకు ఎన్నింటికి చేరతావు?" అని అడిగేవాడు. వారం తిరక్కుండానే దాన్ని అటక మీద పడేశాను.

అప్పుడు నన్ను ఆదుకున్నది మా మామయ్య. అనంతపురం జిల్లాలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, మా దగ్గరే ఉంటారు. ఆయన బీరువాలో కింది అర నిండా సన్మానాల శాలువాలే. మనవాళ్లకు ఎవరి మీదైనా గౌరవం పుడితే చాలు, నడి ఎండాకాలమైనా సరే, వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు. కప్పించుకున్నవాళ్లు ఇంటికి తెచ్చి మడతపెట్టాక దాన్ని మళ్లీ ముట్టుకోరు.

"తీస్కోపోమ్మా, ఊరికే పడుండాయి. నీకన్నా పనికొస్తాయి" అన్నారు మామయ్య.

శాలువా మా ఆఫీసు కోసమే పుట్టినట్టుంది. పల్చగా మడత పడుతుంది, ఏసీలో మెడదాకా కప్పుకోవచ్చు, బస్సు దిగాక అదే ఎండకు నెత్తిన వేసుకోవచ్చు. నన్ను చూసి పక్క కుర్చీ అమ్మాయి తనకూ ఒకటి కావాలంది. తర్వాత ఎదుటి కుర్చీ అబ్బాయి అడిగాడు. పది రోజుల్లో టీములో ఆరుగురికీ ఆరు శాలువాలు. జరీ అంచుల ఎర్ర శాలువాలు కప్పుకుని అందరం వరసగా కంప్యూటర్ల ముందు కూర్చుని ఉంటే, ఒకరోజు మా మేనేజరు వచ్చి ఆగిపోయారు. ఆయనది కాకినాడ.

"ముఖ్య అతిథి ఇంకా రాలేదాండీ?" అన్నారు. పోతూ పోతూ తనకూ ఒకటి తెమ్మన్నారు.

మా అంతస్తు ఊడ్చి తుడిచే అక్కది నారాయణపేట వైపు. ఒక సోమవారం ఆమె తుడుపుకర్ర పట్టుకుని వణుకుతూ కనిపించింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు మేడం, జర జరమొచ్చింది. ఈ ఏసీల ఇంకా ఎక్కువైతున్నది."

"ఇంటికి పోవచ్చు కదా."

"దసరకు ఊరికి పోవాలె. గిప్పుడు సెలవు పెడితే గప్పుడియ్యరు మేడం."

నా చెవిలో అప్పటికే ఒక కాల్ నడుస్తోంది. భుజాల మీది శాలువా తీసి ఆమె సామాను బండి మీద పడేసి, "ఉంచుకో అక్కా, మా ఇంట్లో బోలెడున్నాయి" అన్నాను. మళ్లీ నా కుర్చీలోకి వచ్చి పడ్డాను. చాలా మంచి పని చేశానని ఆ రోజంతా నా మీద నాకే ముద్దొచ్చింది.

గురువారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మామయ్య మంచం మీద మిగిలిన శాలువాలన్నీ పరిచి, ఒక్కొక్కటీ తిరగేసి మూలలు చూస్తున్నారు. ఆయన మొట్టమొదట పదో తరగతి చెప్పిన పిల్లలు ఇప్పుడు నెరిసిన తలలతో ఆదివారం లింగంపల్లిలో కలుసుకుంటున్నారట. మాస్టారు రావాల్సిందేనని ఫోన్ చేశారట.

"వాళ్లు కప్పిన శాలువానే కప్పుకోని పోదామనుకుంటినమ్మా. నా మొదటి శాలువా అది. మూలన పచ్చదారంతో కుట్టుంటాది. యాడుందో కనపడలే."

అప్పుడాయనకు ఇరవై నాలుగేళ్లట. ఏప్రిల్ నెల, అనంతపురం ఎండ. పిల్లలు కప్పింది తీసేస్తే నొచ్చుకుంటారని, చెమటలు కారుతున్నా అలాగే మాట్లాడి, అలాగే ఇంటిదాకా నడిచి వచ్చారట. తలుపు మేకుకు తగులుకుని మూల చిరిగితే, పోయిన మా అత్తయ్య నవ్వి నవ్వి, చేతికి దొరికిన పచ్చదారంతో కుట్టిందట.

ఆ పచ్చదారం నాకు బాగా తెలుసు. మీటింగుల్లో విసుగు పుట్టినప్పుడల్లా వేలితో దాన్ని గోకుతూ కూర్చునేదాన్ని.

"అది నేను ఇచ్చేశాను మామయ్యా. ఆఫీసులో ఊడ్చే అక్కకు జ్వరమొస్తే, ఆమె బండి మీద పెట్టి ఉంచుకోమన్నాను" అన్నాను.

మామయ్య మిగతా శాలువాలన్నీ మడతపెట్టారు. తిట్టినా బాగుండేది. ఆఖరి మడత కూడా పెట్టాక, "జొరం తగ్గిందా ఆయమ్మకు?" అని అడిగారు.

నాకు తెలియదు. మూడు రోజులుగా నేను అడగలేదు. ఆ సంగతి చెప్పడానికి నాకు చాలా సిగ్గేసింది.

శుక్రవారం అక్క చుట్టూ పిల్లిలా తిరిగాను. ఇచ్చిన వస్తువును తిరిగి ఎలా అడుగుతాం? మాట నోటిదాకా రావడం, నేను నీళ్ల సీసా నింపుకుని వచ్చేయడం. నాలుగోసారి ఆమే ఆపింది.

"ఏంది మేడం, పొద్దటిసంది నా ఎనక ఎనక తిరుగుతున్నరు?"

మామయ్య, ఆయన పిల్లలు, పచ్చదారం, అంతా చెప్పేశాను. అక్క కర్ర గోడకు ఆనించి శ్రద్ధగా విన్నది.

"గంతేనా? గిందుకు గింత పరేషానా? రేపు తెస్త."

మాకు శనివారం సెలవు, ఆమెకు లేదు. నేను శాలువా కోసమే మాదాపూర్ వెళ్లాను. అక్క ఒక కవరు చేతికిచ్చింది. శాలువా ఉతికి, ఆరేసి, మా ఇంట్లో ఎప్పుడూ పెట్టనంత నీటుగా మడతపెట్టి ఉంది.

"మూలకు కుట్టు ఊడుతుండె మేడం. పచ్చదారమే దొరికితే మల్ల కుట్టిన" అంది.

అప్పుడు అడిగాను, జ్వరం తగ్గిందా అని.

"ఎప్పుడో తగ్గింది. ఆ రాత్రంత గిదే కప్పుకొని పండుకున్న, తెల్లారెటాళ్లకు పోయింది."

ఆదివారం మామయ్య అదే శాలువా కప్పుకుని లింగంపల్లి వెళ్లారు. సాయంత్రం దాని మీద ఇంకో కొత్త శాలువాతో, తడిసిన చొక్కాతో, ముఖమంతా నవ్వుతో తిరిగొచ్చారు. నేను ఫ్యాను పెంచి మంచినీళ్లు ఇచ్చాను. ఆయన పాత శాలువా ఒళ్లో పెట్టుకుని, పాత కుట్టు పక్కన కొత్త కుట్టును చాలాసేపు చూశారు. తర్వాత మడతపెట్టి నా చేతికిచ్చారు.

"ఇది ఆయమ్మదేమ్మా. ఇచ్చేసిరా."

"మరి మీకు?"

"వాళ్లు చూడాలనుకుంటి, చూసినారు. చాలు" అన్నారు. నేను సంచిలో పెట్టుకుంటుంటే మళ్లీ పిలిచారు. "బండి మీద పెట్టి రావాకు. కప్పు."

సోమవారం అక్క తుడుస్తూ మా వరసలోకి వచ్చినప్పుడు, హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి లేచాను. శాలువా విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పాను. "మా మామయ్య పంపించారు అక్కా" అన్నాను. నన్ను చూసి శాలువాల టీమంతా లేచి నిలబడింది. మేనేజరు తన గదిలోంచి వచ్చి, ఈసారి ఏ వేళాకోళమూ ఆడకుండా చప్పట్లు కొట్టారు.

అక్క తుడుపుకర్రను రెండు చేతులతో పట్టుకుని తల వంచుకుంది. తర్వాత కర్ర ఎత్తి, "ఇగ జర జరుగుండ్రి, నేల తుడువాలె" అంది.

నాలుగింటికి ఆమె డ్యూటీ అయిపోతుంది. కిటికీ అద్దంలోంచి కిందికి చూశాను. బయట ఎండ ఇంకా మండుతూనే ఉంది. జనం గొడుగుల కింద, చున్నీల కింద దాక్కుని నడుస్తున్నారు. వాళ్ల మధ్యలో అక్క తాపీగా బస్‌స్టాపు వైపు పోతోంది. శాలువా రెండు భుజాల మీదా అలాగే ఉంది.