దోమక్క మానని కాఫీ

ఆవిడ అసలు పేరు రక్తపరీక్షల సెంటర్లో హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. వీధి వీధంతా దోమక్క అనే పిలుస్తుంది. పాతికేళ్లుగా రక్తం తీయడమే ఆవిడ పని. సూది గుచ్చిన సంగతి తీసేశాక గానీ తెలియడం లేదని ఎవరో పెద్దాయన మెచ్చుకుంటూ పెట్టిన పేరది. మొదట్లో మూతి ముడుచుకుంది. తర్వాత్తర్వాత ఎవరైనా మర్యాదకు "మేడమ్" అంటే, ఎవరిని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూసేంతగా అలవాటు పడిపోయింది.

కాఫీ దగ్గరికొస్తే మాత్రం దోమక్కను వెనకేసుకు రాలేం. పొద్దున్నే ఆరున్నరకు సెంటర్ తలుపు తీసేసరికి జనం పరగడుపున, మొహాలు వేలాడేసుకుని కూర్చుని ఉంటారు. "ఏమీ తాగలేదుగా? గుక్కెడు టీ కూడా?" అని వాళ్లను పోలీసులా నిలదీసేది ఈవిడే. నిలదీసి, కర్టెన్ వెనక్కి వెళ్లి ఫ్లాస్కు మూత తిప్పేదీ ఈవిడే. ఆ వాసనకు బయట సగంమందికి నోరూరేది, మిగతా సగానికి ఒళ్లు మండేది.

"మమ్మల్ని మాడ్చి నువ్వు తాగుతున్నావా తల్లీ?" అని ఓ ముసలావిడ అడిగేసింది.

"నా రక్తం ఎవరూ చూడరులే పెద్దమ్మా" అంది దోమక్క, మూతి తుడుచుకుంటూ.

ఫ్లాస్కులో ఆరు కప్పులు. ఇంట్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వెరసి ఎనిమిది. పోనీ ఎక్కడ దొరికితే అక్కడ తాగే మనిషా అంటే అదీ కాదు. బయటి కాఫీ వాసన చూసి పక్కన పెట్టేస్తుంది. మొగుడు కాచిందే కావాలి. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఈవిడ పొద్దున్నే వెళ్లాలి గనక ముందు లేచి, పాలు కాచి, డికాషన్ దించి, ఫ్లాస్కు నింపి చేతికిచ్చేది ఆయనే. వంటింట్లో ఆయనకు చేతనైన పని అదొక్కటే, కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అద్భుతంగా చేసేవాడు.

ఇలా నడిచిపోతున్న రోజుల్లో ఒక పొద్దున, ఒకాయన చేతినుంచి రక్తం తీసి, ట్యూబు మీద లేబుల్ అంటించి, ఆయన పేరు రాయబోయింది. కలం నిలవలేదు. గుండ్రంగా రావాల్సిన అక్షరం గీతలు గీతలుగా వచ్చింది. కుడిచెయ్యి వణుకుతోంది. పెద్దగా కాదు. ఎదుటివాడు గమనించనంత. కానీ దోమక్క గమనించింది.

ఎందుకంటే ఆ వణుకు ఆవిడకు తెలుసు. వాళ్ల నాన్నకు అలాగే మొదలైంది. దర్జీ ఆయన. మొదట సూదిలో దారం ఎక్కడం మానేసింది. తర్వాత కత్తెర మాట వినడం మానేసింది. ఆ తర్వాత అన్నం ముద్ద నోటిదాకా వెళ్లడం మానేసింది. చివరి నాలుగేళ్లూ దోమక్కే దగ్గర కూర్చుని తినిపించింది. ఆయన ఒక్కనాడు కూడా ఏడవలేదు, ముద్ద ముద్దకూ "చాల్లేమ్మా" అనేవాడు, అంతే. ఆ "చాల్లేమ్మా"లో ఎంత సిగ్గు ఉండేదో పెట్టిన చేతికే తెలుసు.

వారం రోజులు ఎవరికీ చెప్పకుండా మనసులోనే కుక్కుకుంది. తర్వాత ఉండబట్టలేక డాక్టర్ దగ్గరికి ఒక్కతే వెళ్లింది. ఆయన చేతులు చాపమన్నాడు, వేళ్లతో ముక్కు ముట్టుకోమన్నాడు, అటూ ఇటూ నడవమన్నాడు. రోజుకెన్ని కాఫీలని అడిగాడు. ఎనిమిదనేసరికి కలం కింద పెట్టేశాడు.

"ఎనిమిదా! అంత కాఫీకి ఎవరి చేతులైనా వణుకుతాయమ్మా. మీ నాన్నగారి సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడు వారాలు కాఫీ పూర్తిగా మానెయ్యండి. ఒక్కసారిగా కాదు, తలపోటు వస్తుంది. మెల్లగా తగ్గించుకుంటూ వెళ్లి మానెయ్యండి. వణుకు పోయిందా, కాఫీయే. పోలేదా, అప్పుడు మళ్లీ రండి."

చీటీ మీద కూడా రాసిచ్చాడు. ఎవరైనా సంతోషించాలి కదా, మందులు లేవు మాకులు లేవు, కాఫీ మానితే చాలన్నాడని! దోమక్క మాత్రం చీటీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. పోలేదా, అప్పుడు మళ్లీ రండి. ఆ ఒక్క మాటే చెవుల్లో గింగురుమంది. కాఫీ తాగుతున్నన్నాళ్లూ ఈ వణుకు కాఫీదే. కాఫీ మానేశాక కూడా ఉంటే, అది నాన్నది. మానెయ్యకపోతే? మానెయ్యకపోతే ఎప్పటికీ తెలియదు. తెలియకపోతే లేనట్టే.

నవ్వకండి. రోజుకు యాభైమంది రక్తం తీసి "భయపడకండి, తెలుసుకుంటే మంచిదేగా" అని ధైర్యం చెప్పే మనిషి, తన వంతు వచ్చేసరికి చేసిన ఆలోచన ఇది.

చీటీ మడిచి సంచిలో పడేసింది. ఇంట్లో మొగుడు అడిగితే "ఏం లేదట, నీరసమట. కాఫీ కాస్త తగ్గించమన్నాడు" అంది.

"తగ్గిస్తావా మరి?"

"చూద్దాం లెండి" అంది, కప్పు అందుకుంటూ.

ఆ రోజునుంచి ఆవిడ కాఫీని మందులా తాగింది. గంట కొట్టినట్టు వేళకు తాగింది. కర్టెన్ వెనక నిలబడి రెండు చేతులతో మూత పట్టుకుని తాగి, చేతికేసి చూసుకుని, "అదిగో, కాఫీ" అనుకునేది. చెయ్యి కుదురుగా ఉన్న పూట "ఇవాళ కాస్త పల్చగా ఉన్నట్టుంది" అనుకునేది. ఏదెలా ఉన్నా నింద కాఫీ మీదికే. పాపం, మోయడానికి అది ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది.

కానీ భయం అలా మాట వినే రకం కాదు. పొద్దున మెలకువ రాగానే, కళ్లు తెరవకముందే, దుప్పటి కింద కుడిచెయ్యి చాపి చూసుకునేది. మొగుడు అటు తిరిగి పడుకున్నాడో లేదో చూసి మరీ. బస్సులో కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చునేది. సూది గుచ్చేటప్పుడు మణికట్టును ఎదుటివాళ్ల చేతిమీద ఆనించి గుచ్చడం నేర్చుకుంది. అలా ఆనిస్తే వణుకు ఆగేది. రాయడం దగ్గరే చిక్కొచ్చింది. ఎదురుగా మనిషి కూర్చుని చూస్తుంటే కలం మరీ మొరాయించేది.

దానికి ఒక ఉపాయం కనిపెట్టింది. రక్తం తీసేవాళ్లకు మొట్టమొదట నేర్పే సూత్రం ఒకటుంది: లేబుల్ ముందు రాయకూడదు. రక్తం తీశాక, ఆ మనిషి ఇంకా కుర్చీలో ఉండగానే పేరడిగి రాయాలి. ఈ సూత్రాన్ని ఆ సెంటర్లో పదిమందికి నేర్పింది దోమక్కే, తప్పినవాళ్లను చెడామడా తిట్టిందీ దోమక్కే. ఇప్పుడు తనే, తలుపు తీయకముందు, ముందురోజే పేర్లు రాయించుకున్న రిజిస్టర్లో చూసి, కర్టెన్ వెనక నింపాదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని లేబుళ్లన్నీ ముందే రాసి ట్యూబులకు అంటించి, వరసగా పేర్చి పెట్టుకుంది. నెల దాటింది. ఒక్క పొరపాటూ జరగలేదు. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

ఒక శుక్రవారం ఓ ఏడేళ్ల పాప వచ్చింది. వరసలో తర్వాతి వంతు ఓ తాతగారిది. పాప కుర్చీ ఎక్కి "దోమత్తా, ఎంతసేపు కుడతావు?" అంది. "నువ్వు ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టేలోపు" అంది దోమక్క. పాప మూడు దగ్గరే ఏడుపు అందుకుంది, తాతగారు తన జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి ఇవ్వబోయాడు, పాప తల్లి వద్దంది, ఆ గోలలో అంతా నవ్వుకున్నారు కూడా.

పదకొండింటికి లోపల మైక్రోస్కోపు దగ్గర కూర్చునే టెక్నీషియన్, అందరూ మేష్టారని పిలిచే ఆయన, కర్టెన్ తొలగించి వచ్చాడు. ఆయనతో ఇరవై ఏళ్ల స్నేహం. చేతిలో రెండు ట్యూబులున్నాయి.

"అక్కా, ఏడేళ్ల పాపకి ఇంత షుగరేంటి? ఈ లెక్కన ఈపాటికి పాప ఆసుపత్రిలో ఉండాలి. ఈ తాతగారిదేమో చిన్నపిల్లల రక్తంలా సుబ్బరంగా ఉంది. నువ్వోసారి చూడు."

దోమక్క చూసింది. రెండు లేబుళ్లూ తన చేతిరాతే. వరసలో అది ఇటు, ఇది అటు పడ్డాయి.

"ఎవరికీ రిపోర్టు ఇవ్వలేదులే" అన్నాడు మేష్టారు మెల్లగా. "ఇద్దర్నీ మళ్లీ పిలుద్దాం. ఇలాంటివి జరుగుతుంటాయి."

"నాకు జరగవు" అంది దోమక్క. ఆయన గమనించకపోయి ఉంటే? ఆ పసిదానికి ఎవరో షుగరు మందు రాసి, కన్నతల్లి వేళకు తప్పకుండా మింగించి... ఆ పైన ఆలోచన సాగలేదు. అప్పటిదాకా భయం తన చేతి గురించే. ఇప్పుడు తన చేతిని చూస్తేనే భయమేసింది.

పాప మళ్లీ వచ్చింది. ఈసారి రక్తం మేష్టారే తీశాడు.

సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరింది. మొగుడు అప్పుడే పనినుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, పొయ్యిమీద పాలు పెట్టాడు.

"ఆపెయ్యండి" అంది గుమ్మంలోనే నిలబడి.

"ఏమైంది?"

అంతా చెప్పేసింది. డాక్టర్ అసలు ఏమన్నాడో, తను ఏం దాచిందో, దుప్పటి కింద చెయ్యి, లేబుళ్లు, పాప, అన్నీ. చెబుతున్నంతసేపూ సంచి భుజాన్నుంచి దించలేదు. "ఇంక నా వల్ల కాదండీ. రేపట్నుంచి ఫ్లాస్కు వద్దు. మెల్లమెల్లగా మానేస్తాను. మూడు వారాలేగా. తేలిపోనివ్వండి. ఏదైతే అదే అవుతుంది."

ఇంత ధైర్యం కూడగట్టుకుని చెప్పినందుకు ఆయన భుజం తడతాడనుకుంది. ఆయన పొయ్యి ఆపి, గిన్నెమీద మూత పెట్టి, అటే తిరిగి నిలబడ్డాడు.

"ఏంటండీ, పలకరే?"

"ఆ చీటీ నేను చూశానే. ఫ్లాస్కు కడగడానికి తీస్తుంటే సంచిలో దొరికింది. నువ్వు మానవని తెలుసు. అందుకని, కెఫీన్ తీసేసిన పొడి అమ్ముతారుగా, అది తెచ్చాను. మొదటి వారం ఓ చెంచా కలిపాను. తర్వాత సగం. పొడిలో పస లేదని నువ్వు రెండుసార్లు అన్నావు కూడా."

"ఆ తర్వాత?"

"తర్వాత మొత్తం అదే." ఆయన ఇటు తిరిగాడు. "నువ్వు కాఫీ మానేసి ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు."

దోమక్కకు ముందు ఒళ్లు మండింది. పాతికేళ్ల కాపురంలో ఇంత మోసమా! చిన్నపిల్లకు కషాయం పట్టినట్టు తనకు పడతాడా! "నోట్లో నాలుక లేదా మీకు? మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని అరిచింది.

"తగ్గితే చెబుదామనుకున్నాను" అన్నాడాయన.

ఆవిడ కుడిచెయ్యి సంచి పట్టీమీద ఉంది. ఇద్దరూ దానివైపు చూడలేదు. రోజూ పొద్దున అటు తిరిగి పడుకున్నాడనుకున్న మనిషి నిద్రపోవడం లేదని, తనతోపాటే రోజులు లెక్కపెట్టాడని ఆవిడకు అప్పుడర్థమైంది. కోపం ఎటు పోయిందో పోయింది. దాని కింద ఉన్నదంతా పైకొచ్చింది.

"నా కోసం ఒక్క కప్పు అసలు కాఫీ పెట్టండి" అంది చివరికి. "ఇంక దాన్ని నిందించి ఏం లాభం."

ఆయన కంగారుగా డబ్బాలు వెతికాడు. "ఇంట్లో లేదే. పారేశాను, పొరపాటున కలుస్తుందని. ఉండు, మలుపులో కొట్టుంది, పది నిమిషాల్లో వస్తాను." చెప్పుల్లో కాళ్లు దూర్చబోయాడు.

ఆవిడ ఆయన చొక్కా పట్టుకుంది. ఏ చేత్తో పట్టుకుందో కూడా చూసుకోలేదు.

"వద్దులెండి. కాఫీ వద్దు. మీరెక్కడికీ వెళ్లకండి. నాకు భయమేస్తోంది."